‘టర్బో లవర్’ వాయించడానికి నాకు పట్టిన ఆరు నెలలు

నా దగ్గర ఒక టీడీకే తొంభై నిమిషాల క్యాసెట్ ఉండేది. ఒక వైపు జూడాస్ ప్రీస్ట్ అనే ఇంగ్లండు హెవీ మెటల్ (గట్టి గిటార్ల రాక్) బ్యాండ్ 1984లో తెచ్చిన ‘డిఫెండర్స్ ఆఫ్ ది ఫెయిత్’, రెండో వైపు అదే బ్యాండ్ 1986 ఏప్రిల్‌లో తెచ్చిన ‘టర్బో’, దాని మొదటి పాటే ‘టర్బో లవర్’. రెండూ నలభై నిమిషాల ఆల్బమ్‌లే కాబట్టి వైపుకొకటి సరిగ్గా పట్టేవి. 1993లో విశాఖలో ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు హాస్టల్లో ఒక సీనియర్ కాపీ చేసి ఇచ్చాడు. ఇస్తూనే, "మొదటి వైపు వినరా. రెండో వైపు చెరిపేసి ఏదైనా మంచిది ఎక్కించుకో" అన్నాడు.

చెరపలేదు. విననూ లేదు. మొదటి వైపు అయిపోగానే బాల్ పెన్ను దూర్చి చేత్తోనే వెనక్కి తిప్పుకునేవాడిని. ఆ వైపు లేబుల్ మీద పాటల పేర్లు నా బొటనవేలి చెమటకి కరిగి నీలం మరకైపోయాయి. రెండో వైపు సీనియర్ అన్న చేతిరాత మాత్రం నిన్న రాసినట్టు ఉండేది.

మా హాస్టల్లో తీర్పు ఎప్పుడో అయిపోయింది: ‘టర్బో’ మెటల్ కాదు, కీబోర్డు పాటలు. టీవీలో కనిపించడం కోసం, అమ్మాయిలకి నచ్చడం కోసం తోలు జాకెట్లకి ఎర్ర రంగు వేసుకున్నారు, అంతే. విచిత్రం ఏంటంటే కింద మెస్సులో రోజంతా మోగే తెలుగు పాటల్లో సింథసైజర్, అంటే కరెంటుతో మోతలు పుట్టించే వాయిద్యం, లేని పాట వెతికినా దొరికేది కాదు. వాటికి మేమే కంచాల మీద దరువు వేసేవాళ్ళం. మెట్లెక్కి మూడో అంతస్తుకి రాగానే సింథసైజర్ అంటే అంటరానిది అయిపోయేది.

ముప్పై ఏళ్ళ తర్వాత ఆ రెండో వైపు నా మెడకే చుట్టుకుంది.

జనవరిలో మా బ్యాచ్ అంతా విశాఖలో కలుద్దామని గత జూన్‌లో అనుకున్నాం. హాస్టల్ బ్యాండ్ మళ్ళీ ఒక్క పాటైనా వాయించాలని వాట్సాప్ గ్రూపులో ఎవరో నిప్పు అంటించారు. మొత్తం ఐదుగురం. డ్రమ్స్ వాయించేవాణ్ణి అప్పటినుంచీ అందరం బాబాయ్ అనే పిలుస్తాం. రెండో గిటార్ వాడు గాజువాకలో ఉంటాడు, బాస్ వాడు బెంగళూరులో, పాడేవాడు న్యూజెర్సీలో. నేను కూకట్‌పల్లిలో. నేను ‘డిఫెండర్స్’ లోంచి ఒక గట్టి పాట చెప్పాను. బాబాయ్ ఫోన్ చేశాడు.

"ఒరేయ్, అంత స్పీడులో రెండు కాళ్ళతో డబుల్ బాస్ డ్రమ్ము తొక్కే మోకాళ్ళు నాకు లేవు. అమెరికా వాడికి ఆ అరుపులు రావు, బీపీ మాత్ర వేసుకుంటున్నాడు. పైగా ఎదురుగా కూర్చునేది మన పెళ్ళాలూ పిల్లలూ. ‘టర్బో లవర్’ వాయిద్దాం."

"అది మెటలా?"

"ముందు వాయించి చూపించు. తర్వాత తిట్టు."

వాయించడానికేముంది, రెండు రోజుల పని అనుకున్నాను. నిదానమైన పాట, చేతివేళ్ళకి చెమట పట్టించే రిఫ్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరస, ఒక్కటీ లేదు. పాట పెట్టుకుని గిటార్ పట్టుకుని కూర్చున్నాను. మొదట్లో దూరం నుంచి బండి వస్తున్నట్టు ఆ గురగుర, దాని కింద ఆగకుండా కొట్టుకునే నాడి. అది నాకు కీబోర్డులాగే వినిపించింది. కాబట్టి కీబోర్డు వాడు కావాలి, మా బ్యాండులో లేడు, పాట మార్చండి అని గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో గాజువాక వాడు జవాబు పెట్టాడు: "వాళ్ళ బ్యాండులోనూ లేడు. అవి గిటార్లు."

నిజమే. సిగ్గుపడాల్సిన విషయమేమిటంటే, ముప్పై ఏళ్ళు తిట్టిన ఆల్బమ్ గురించి నాకు ఆ మాత్రం కూడా తెలియదు. బ్యాండు గిటారిస్టులు గ్లెన్ టిప్టన్, కె.కె. డౌనింగ్ ఇద్దరూ ఆ మోతల్ని గిటార్ సింథసైజర్లతో రాబట్టారు. రోలాండ్ 1984లో తెచ్చిన జీఆర్-700 అనే యంత్రం కాళ్ళ దగ్గర ఉంటుంది. మామూలు గిటార్ దానికి పనికిరాదు, ప్రత్యేకంగా చేసిన గిటార్ కావాలి. వీళ్ళు హేమర్ వాళ్ళ ఫాంటమ్ రకం పట్టుకున్నారు. బర్మింగ్‌హామ్ పక్క ఫ్యాక్టరీల ఊళ్ళ నుంచి వచ్చిన వీళ్ళు బహామాస్‌లో నాసౌ దగ్గర కాంపస్ పాయింట్ స్టూడియోలో కూర్చుని 1985లో దీన్ని రికార్డు చేశారు. ఏసీ/డీసీ అనే రాక్ బ్యాండ్ ఆల్బమ్ ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ రికార్డయిన స్టూడియో అదే. నిర్మాత టామ్ ఆలమ్, ‘డిఫెండర్స్’కీ ఆయనే. అంటే నేను పూజించిన మొదటి వైపుకీ, ఉమ్మేసిన రెండో వైపుకీ పనిచేసింది దాదాపు అదే చేతులు.

సరే, నేనూ గిటార్ సింథ్ పట్టాలి. జీఆర్-700 ఇప్పుడు దొరకదు, దొరికినా దాని గిటారూ దాని లావుపాటి కేబులూ వెతకాలి. అదే కంపెనీ 2011లో తెచ్చిన జీఆర్-55 సెకండ్ హ్యాండ్‌లో ఒకటి దొరికింది. ధర ఇంట్లో సగమే చెప్పాను. దాంతో పాటు జీకే-3 అనే పికప్, అంటే తీగల ఊపుని పట్టుకునే పరికరం, వచ్చింది. సన్నగా స్కేలులా ఉంటుంది, మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌కే బ్రిడ్జి (తీగలు ఆనే దిమ్మ) పక్కన అంటించుకోవచ్చు.

ఇది ఎలా పనిచేస్తుందో చెప్పకపోతే తర్వాత నేను పడ్డ తిప్పలు అర్థం కావు. మామూలు పికప్ ఆరు తీగల మోతనీ కలిపి ఒకటే ధారగా పంపిస్తుంది. ఇందులో తీగకొకటి చొప్పున ఆరు చిన్న చెవులుంటాయి. ప్రతి చెవీ తన తీగ సెకనుకి ఎన్నిసార్లు ఊగుతోందో యంత్రానికి చెబుతుంది. యంత్రం లెక్కపెట్టి, ఇది ఫలానా స్వరం అని తేల్చుకుని, ఆ స్వరాన్ని తన సొంత గొంతుతో పాడుతుంది. అంటే గిటార్ ఇక్కడ పాడటం లేదు. పక్కన కూర్చుని ఇంకొకడికి పాట అందిస్తోంది.

పికప్ బిగించడం మొదటి ఆదివారమంతా తినేసింది. ఆఖరి ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డ కమ్మీ) దగ్గర తీగ నొక్కి పట్టుకున్నప్పుడు తీగకీ పికప్‌కీ మధ్య ఒక మిల్లీమీటరు సందు ఉండాలి. ఎక్కువైతే వినపడదు, తక్కువైతే తీగ తగిలి టకటకలాడుతుంది. సందు కొలవడానికి నా దగ్గర పరికరం లేదు. పాత ఏటీఎం కార్డు పెట్టి చూసి, అది లోపలికి కాస్త వదులుగా దూరేదాకా స్క్రూ తిప్పాను. తర్వాత ఒక్కో తీగకీ సెన్సిటివిటీ సరిచేయాలి. గట్టిగా కొట్టినప్పుడు మీటరు చివరిదాకా పోకుండా, మెల్లగా కొట్టినప్పుడు అసలు కదలకుండా ఉండిపోకుండా చూసుకోవాలి. నా మూడో తీగ మాత్రం ఎంత తగ్గించినా అరుస్తూనే ఉంది. ఒక్కో ఇంట్లో ఒక్కడుంటాడు అలాంటివాడు.

రాత్రి తొమ్మిదికి అంతా సిద్ధం. రంపపు పళ్ళ ఆకారం ఉండే అలని మూల ధ్వనిగా పెట్టుకున్నాను, పాత సింథ్ మోతలకి అదే ముడిసరుకు. దాని మీద ఫిల్టర్. మాట్లాడేవాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టి, మెల్లమెల్లగా తీస్తే గొంతు ఎలా తేటపడుతుందో ఫిల్టర్ తెరుచుకోవడం అంటే అంతే. అది కుదిరింది. మోత అచ్చం ఆ పాటలోలా వచ్చింది. ఒళ్ళు జలదరించింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇక వాయించడం మొదలుపెట్టాను.

ఘోరం. నేను కొట్టిన స్వరాలు సగం, కొట్టని స్వరాలు సగం. మధ్యలో ఎవరో గాజుపలక మీద గోరుతో గీకినట్టు కీచుమని పై స్థాయిలో ఏదో పలికేది. వేలు ఎత్తితే ఒకటి పలికింది. పిక్ తీగకి ఒరిస్తే ఇంకొకటి. పక్క తీగ తనంతట తానే వణికితే దానికీ ఒక స్వరం. మా అమ్మాయి తలుపు తీసి చూసి, "నాన్నా, కంప్యూటర్ చెడిపోయిందా?" అంది.

రెండు వారాలు యంత్రాన్నే తిట్టాను. అమ్మినవాడు మోసం చేశాడనుకున్నాను. చివరికి అదే యంత్రంతో ఎవరో శుభ్రంగా వాయిస్తున్న వీడియో చూశాక అర్థమైంది. తప్పు నా చేతుల్లోనే ఉంది, ఇన్నేళ్ళుగా ఉంది. డిస్టార్షన్ దాన్ని దాచిపెట్టింది. చేప ఒకరోజు పాతదైనా చింతపండు పులుసులో తెలీదు కదా. డిస్టార్షన్ కూడా అలాంటిదే. మోతని నలిపి, సాగదీసి, అన్నిటినీ ఒకే ఎత్తుకి తెస్తుంది. ఆ హోరులో పక్క తీగ వణికినా, వేలు అర క్షణం ముందు లేచినా ఎవరికీ వినపడదు. పైగా అదీ ఒక కసిలా వినిపిస్తుంది. సింథ్ దగ్గర ఆ పప్పులుడకవు. దానికి తీగ వణికిందా లేదా అన్నది ఒక్కటే తెలుసు. వణికితే పాడేస్తుంది, పొరపాటున వణికినా సరే.

ఇంకో పెద్ద దెబ్బ కుడిచేతికి తగిలింది. మెటల్ వాయించేవాడి ఆస్తంతా కుడి అరచేతి అంచులో ఉంటుంది. దాన్ని బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి కొడితేనే ఆ జగ్ జగ్ జగ్ అనే మొద్దు మోత వస్తుంది. నాకది అలవాటు కాదు, అంగవైకల్యం లాంటిది. ఏ పాటైనా చెయ్యి దానంతట అది వెళ్ళి అక్కడే పడుకుంటుంది. అలా ఆనిస్తే తీగ ఊగీ ఊగకముందే చచ్చిపోతుంది. యంత్రానికి లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు. పలికితే పలుకుతుంది, లేకపోతే లేదు. కాబట్టి అరచేయి ఎత్తెయ్యాలి. ఎత్తేస్తే మిగతా ఐదు తీగలూ ఖాళీగా మోగి దెయ్యాల్లా పాడతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గాజువాక వాడితో మాట్లాడి పనులు పంచుకున్నాం. అరచేయి ఆనించి కొట్టే భాగం మామూలు గిటార్ మీద వాడు, సింథ్ భాగం నేను. దెయ్యాల తీగలకి మందు మా అమ్మాయి దగ్గర దొరికింది. జడకి పెట్టుకునే గుడ్డ రబ్బరు బ్యాండ్ ఒకటి తీసుకుని గిటార్ మెడ మీద, మొదటి ఫ్రెట్ దగ్గర, తీగలన్నిటినీ కలిపి చుట్టాను. వేలితో నొక్కిన స్వరానికి అది అడ్డం రాదు, నొక్కని తీగ మాత్రం నోరు మూసుకుంటుంది. ఊదారంగు బ్యాండ్, మీద చిన్న తెల్ల చుక్కలు. ఆ గిటార్ మీద అప్పటికి పుర్రె బొమ్మ స్టిక్కర్ ఒకటుంది. రెండూ పక్కపక్కనే.

తర్వాత ఆలస్యం సంగతి. స్వరాలు శుభ్రపడ్డాక తేలిందిది. డ్రమ్ ట్రాక్ పెట్టుకుని వాయిస్తే నేను ప్రతిసారీ వెనకపడుతున్నాను. అదీ ఒకేలా కాదు. పై తీగల మీద సరిగ్గానే ఉన్నాను, కింది తీగల మీద వెనకపడుతున్నాను. కాగితం మీద లెక్క వేస్తే చిన్న విషయమే. ఆరో తీగ, అంటే అన్నిటికన్నా లావుది, సెకనుకి 82 సార్లు ఊగుతుంది. ఒక్క ఊపుకి 12 మిల్లీసెకన్లు. ఒక ఊపైనా పూర్తిగా చూడనిదే అది ఏ స్వరమో యంత్రం చెప్పలేదు, గట్టిగా చెప్పాలంటే ఇంకాస్త చూడాలి. మొదటి తీగ 330 సార్లు ఊగుతుంది, ఊపుకి 3 మిల్లీసెకన్లే. అంటే నేను కొట్టిన తర్వాత లావు తీగ ఆలోచించుకుని మాట్లాడుతుంది, సన్న తీగ వెంటనే మాట్లాడుతుంది. ఇది యంత్రం లోపం కాదు. ఎంత కొత్త యంత్రమైనా తీగ ఊగకముందే ఊపు లెక్కపెట్టలేదు. 1984 నాటి యంత్రంతో వాళ్ళు ఎంత తంటాలు పడి ఉంటారో అప్పుడు తలుచుకున్నాను.

దీనికి రెండు మార్గాలు దొరికాయి. ఒకటి, కింది తీగల మీద కొంచెం ముందే కొట్టడం. ఇది చెప్పినంత తేలిక కాదు. ముప్పై ఏళ్ళు తాళం మీద పడటమే నేర్చుకున్న చెయ్యి ఇప్పుడు తాళం కంటే వెంట్రుకంత ముందు పడాలి. రెండోది ఎవరికి తట్టిందో గానీ మంచి ఉపాయం. భాగాన్ని ఒక స్థాయి పైన, సన్న తీగల మీద వాయించి, యంత్రంలో ఆ ధ్వనిని ఒక స్థాయి కిందకి దించేయడం. వినేవాడికి లావు స్వరమే వినిపిస్తుంది, లెక్క మాత్రం సన్న తీగ వేగంతో జరుగుతుంది. సెప్టెంబరు చివరికి ఆ నాడి నాడిలా కొట్టుకోవడం మొదలైంది. సరిగ్గా నాలుగు ఆవర్తాలు తప్పు లేకుండా వాయించిన రోజు బాబాయ్‌కి రికార్డు చేసి పంపితే, "బావుంది, పడుకో" అని పెట్టాడు.

ఈ లోపల ఆల్బమ్ మొత్తం ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు మెట్రోలో, వచ్చేటప్పుడు మెట్రోలో. నచ్చిందా అంటే తొమ్మిది పాటలూ నచ్చలేదు. ‘రాక్ యూ ఆల్ అరౌండ్ ది వరల్డ్’ కచేరీలో జనం చేత అరిపించడానికి రాసుకున్నట్టుంది, ఇంట్లో కూర్చుని వినడానికి అందులో ఏమీ లేదు. ‘వైల్డ్ నైట్స్’ని ఇప్పటికీ దాటేస్తాను. సీనియర్ అన్న ఈ రెండే విని తీర్పు చెప్పి ఉంటే ఆయన్ని తప్పుపట్టను. కానీ ‘అవుట్ ఇన్ ది కోల్డ్’ వేరు. ఆరు నిమిషాలు దాటిన పాట. మొదట చాలాసేపు సింథ్ ఒక్కటే చలిగాలిలా తిరుగుతుంది. తర్వాత గిటార్లు బరువుగా దిగుతాయి. ఆ బరువు ‘డిఫెండర్స్’ లోని ఏ పాటకీ తీసిపోదు. స్టూడియోలో అయితే తప్పు పోయినప్పుడల్లా మళ్ళీ వాయించుకోవచ్చు. వీళ్ళు 1986 టూర్‌లో కచేరీలు మొదలుపెట్టిందే ఈ పాటతో, 1987లో వచ్చిన లైవ్ ఆల్బమ్‌లోనూ మొదటిది ఇదే. ఎదురుగా వేలమంది ఉండగా, మొదటి పాటగా, దెయ్యాలు పాడే ఆ యంత్రంతో. నాకిప్పుడు దాని ధైర్యం తెలుసు.

ఆ టూర్ మొదలవడానికి ముందు, 1986 జనవరిలో గాయకుడు రాబ్ హాల్‌ఫోర్డ్ తాగుడు పూర్తిగా మానేశాడు. ఈ సంగతి ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. ‘టర్బో లవర్’ చరణాల్లో ఆయన అరవడు. కింది స్థాయిలో, దాదాపు చెవిలో చెబుతున్నట్టు పాడతాడు. పల్లవి దగ్గర కూడా గొంతు చించుకోడు, బాణీని దాని దారిన వదిలేస్తాడు. మా అమెరికా వాడు ఇది తేలిక అనుకున్నాడు. మొదటి రికార్డింగ్ పంపినప్పుడు వాడి గొంతు అర్చకుడు మంత్రం గొణిగినట్టుంది. మెల్లగా పాడుతూ బెదిరించడం ఎలాగో వాడికి మూడు నెలలు పట్టింది. అందరం ఒకేసారి ఆన్‌లైన్‌లో వాయిద్దామని ఒకసారి ప్రయత్నించి మానేశాం. నా ఆరో తీగ ఆలస్యం చాలక న్యూజెర్సీ ఆలస్యం కూడానా. ఒకరు రికార్డు చేసి పంపితే దాని మీద ఇంకొకరు వాయించి పంపేవాళ్ళం, అంతే.

‘టర్బో’లోనే ఉన్న ‘పేరెంటల్ గైడెన్స్’ పాట మీద కూడా నాకు జాలి పుట్టింది. 1985లో అమెరికాలో కొందరు రాజకీయ నాయకుల భార్యలు పీఎంఆర్‌సీ అని ఒక సంఘం పెట్టి, పిల్లల్ని పాడుచేసే పాటలంటూ పదిహేనింటి జాబితా వేశారు. అందులో ‘డిఫెండర్స్’ లోని ఒక పాట మూడో స్థానంలో ఉంది. దానికి ఎదురుదెబ్బగా రాసిన పాట ఇది. అప్పట్లో నేను లేబుల్ మీద పేరు చూసే దీన్ని చిన్నపిల్లల పాట అని నవ్వేవాడిని. మా వార్డెన్ ఒకసారి మా టేప్ రికార్డర్ ఎత్తుకెళ్ళి వారం రోజులు తన గదిలో పెట్టుకున్నాడు, కింద క్రికెట్ కామెంటరీ వినడానికి. ఆ వారంలో ఈ పాట వినుంటే మేమంతా గోడలు దద్దరిల్లేలా పాడేవాళ్ళం. కానీ అది రెండో వైపు ఉంది కదా.

మొదట్లో బ్యాండ్ వాళ్ళు ‘టర్బో’ని ‘ట్విన్ టర్బోస్’ అని జంట ఆల్బమ్‌గా వేయాలనుకున్నారు. కుదరలేదు. మిగిలిన వాటిలో కొన్ని గట్టి పాటలు 1988లో ‘రామ్ ఇట్ డౌన్’ లోకి వెళ్ళాయి. అంటే ఆ ఎండలో, ఆ సముద్రం పక్కన, రెండు రకాల పాటలూ పక్కపక్కనే పుట్టాయి. మృదువైనవి ముందు బయటికి వచ్చాయి, అంతే. అదే 1986 సెప్టెంబరులో ఐరన్ మెయిడెన్ అనే ఇంకో మెటల్ బ్యాండ్ కూడా ‘సమ్‌వేర్ ఇన్ టైమ్’ ఆల్బమ్‌లో గిటార్ సింథ్‌లు పట్టింది. ఆ క్యాసెట్‌ని మాత్రం మా హాస్టల్లో ఎవరూ చెరపమనలేదు. దానికి పైన బొమ్మ బాగుంటుంది, తుపాకీ పట్టుకున్న ఎడ్డీ, అదే ఆ బ్యాండ్ గుర్తయిన పిశాచం. ‘టర్బో’ మీద గేరు రాడ్డు పట్టుకున్న ఆడమనిషి చెయ్యి. మా తీర్పులకి సంగీతంతో ఎంత సంబంధం ఉండేదో ఇప్పుడు అనుమానంగా ఉంది.

జనవరిలో విశాఖ చేరాం. బీచ్ రోడ్డు పక్క ఒక హోటల్ హాలు. మధ్యాహ్నం ఐదుగురం ఒకే గదిలో నిలబడి మొదటిసారి కలిసి వాయించాం. నాలుగుసార్లు. మొదటి మూడూ పోయాయి, నాలుగోది నిలబడింది. సాయంత్రం మళ్ళీ స్టేజీ ఎక్కేసరికి సముద్రపు తేమకో, హాల్లో ఏసీకో తీగలు కాస్త దిగిపోయాయి. మామూలు గిటార్ అయితే అంత పట్టించుకోను. ఇక్కడ శ్రుతి దిగితే యంత్రం రెండు స్వరాల మధ్య ఇటా అటా అని తడబడుతుంది. సౌండ్ కుర్రాడు, "సార్, కీబోర్డు లైన్ ఏది?" అని మూడుసార్లు అడిగాడు. కీబోర్డు లేదు, ఇదే అని గిటార్ చూపించాను. ఊదారంగు బ్యాండ్ వైపు చూసి ఏమీ అనలేదు.

వాయించాం. మొదటి నిమిషం దేవుడి దయ. రెండో చరణం మధ్యలో నా మూడో తీగ తన బుద్ధి పోనిచ్చుకోలేదు. కీచుమని ఒక స్వరం, హాలంతా వినిపించేలా పలికింది. బాబాయ్ డ్రమ్స్ మీంచి తలెత్తి చూశాడు. ముందు వరుసలో పిల్లలు అది పాటలో ఉందనుకుని చప్పట్లు కొట్టారు. పల్లవి రెండోసారి వచ్చేసరికి, మాటలు తెలియకపోయినా, ఆడవాళ్ళతో సహా సగం హాలు హమ్ చేస్తోంది. ఈ పాట బలం అది. ‘డిఫెండర్స్’ పాట వాయించి ఉంటే మేం ఐదుగురం మాత్రమే ఊగేవాళ్ళం.

కిందకి దిగాక సీనియర్ అన్న కనిపించాడు. పిలవగానే అనకాపల్లి నుంచి వచ్చాడట. జుట్టు లేదు, పొట్ట వచ్చింది, చేతిలో ఐస్‌క్రీమ్ కప్పు.

"బావుందిరా. ఏ పాటది?"

"మీరిచ్చిన క్యాసెట్లోదే అన్నా. రెండో వైపు మొదటి పాట."

కాసేపు ఆలోచించాడు. "నేను ఆ వైపు ఎప్పుడూ వినలేదురా. మా రూమ్మేట్ బాగోదన్నాడు" అన్నాడు.

నేను కాఫీ తెస్తానని చెప్పి పక్కకి వెళ్ళిపోయాను. నవ్వు ఆగలేదు.

గిటార్ ఇంటికి తెచ్చాక రబ్బరు బ్యాండ్ తీసి మా అమ్మాయికి ఇస్తే, సాగిపోయింది, నువ్వే ఉంచుకో అంది. ఇప్పుడు ‘అవుట్ ఇన్ ది కోల్డ్’ మొదటి భాగం నేర్చుకుంటున్నాను. అందులో స్వరాలు పొడుగ్గా నిలబడాలి, ఒకదాని నుంచి ఇంకోదానికి జారాలి, మధ్యలో కీచులు రాకూడదు. మూడో తీగ మార్చి చూశాను. కొత్తది కూడా అరుస్తోంది.